మధ్యాహ్నం మూడు గంటలకు చెప్పే జపం గురించి

ప్రియ సహోదరీ సహోదరులకు వందనాలు.

దివ్య కారుణ్య జపమాల ఎలా చెప్పాలో మీలో కొందరు అడిగారు. విడిగా మాల కొనవలసిన అవసరం లేదు, మన మామూలు జపమాలే చాలు. మొదట పరలోక జపం, మంగళ వార్త జపం, విశ్వాస సంగ్రహం. తరువాత పెద్ద పూసపై క్రీస్తు శరీర రక్తాలను, ఆత్మను, దైవత్వాన్ని తండ్రికి సమర్పిస్తాం. పది చిన్న పూసలపై ఆయన శ్రమలను బట్టి మాపై, లోకమంతటిపై కనికరించమని వేడుకుంటాం. ఇలా ఐదు పదులు. చివర పరిశుద్ధ దేవుణ్ణి మూడుసార్లు స్తుతించి ముగిస్తాం.

"లోకమంతటిపై" అన్న మాట దగ్గర దయచేసి తొందరపడకండి. మనతో మాట్లాడటం మానేసినవారు కూడా అందులో ఉన్నారు. నాన్నగారు మంచం పట్టిన రోజుల్లో నాకు సొంతంగా ప్రార్థించడానికి మాటలే వచ్చేవి కావు. పూస తరువాత పూస పట్టుకుని అదే వేడుకోలు చెప్పేదాన్ని. భయం పోలేదు. కానీ ఆ భయాన్ని ఎవరి చేతిలో పెట్టాలో తెలిసింది.

ఈ జపం 1935 సెప్టెంబరులో, నేటి లిథువేనియా దేశంలోని విల్నియస్‌ నగరంలో, పోలండ్ కన్యస్త్రీ పునీత ఫౌస్తీనాకు అందింది. అప్పటికే ఆమె ఆరోగ్యం బాగుండేది కాదు, 33 ఏళ్లకే కన్నుమూశారు. రెండవ జాన్ పాల్ పాపుగారు 2000లో ఆమెను పునీతగా ప్రకటించారు.

ప్రభువు మరణించిన ఘడియ కనుక మధ్యాహ్నం మూడు గంటలకు చెప్పడం ఆనవాయితీ. పనిలో ఉంటే "యేసువా, మీయందే నా నమ్మకం" అని ఒక్కసారి తలుచుకోండి, జపం సాయంత్రం చెప్పుకోవచ్చు. రేపటి జపం మన గ్రూపులోని రోగుల కోసం. ఇంకా ఎవరినైనా చేర్చాలంటే ఈ రాత్రికే నాకు తెలియజేయండి.