అమ్మకు, కార్డిఫ్ నుంచి

అమ్మకు నమస్కారాలు.

ఇక్కడ అంతా బాగానే ఉంది. ఉద్యోగం మామూలే. మోకాళ్ల నొప్పి మాత్రలు సగంలోనే మానేశావని అక్క చెప్పింది. ఎందుకమ్మా?

నిన్న రాగి సంకటి చేసుకున్నాను. ఉండలు కట్టింది. అయినా పల్లీల పచ్చడితో మొత్తం తినేశాను. తిండి మానేసి చిక్కిపోయానని ఊహించుకోకు, ఫోటోలో ఆ చొక్కా వదులు, అంతే.

ఈ ఊరి సంగతి ఒకటి నీకు చెప్పాలి. 1978లో ఇక్కడ యంగ్ మార్బుల్ జెయింట్స్ అనే బ్యాండు ఒకటి పుట్టింది. స్టూవర్ట్ మాక్సమ్, ఫిలిప్ మాక్సమ్ అన్నదమ్ములు, పాడేది ఆలిసన్ స్టాటన్. డ్రమ్స్ వాయించే మనిషే లేడు. బంధువుల అబ్బాయి ఇంట్లో తయారుచేసిన యంత్రం దరువును క్యాసెట్‌లోకి ఎక్కించుకుని, వేదిక మీద దాన్నే నడిపిస్తూ వాయించేవారట. అది చదివి ఒక్కడినే పకపకా నవ్వాను. మన మిద్దె మీద నేనూ తమ్ముడూ చేసింది అదే కదా! గంగమ్మ జాతరలో డప్పుల మోతను నాన్న టేప్ రికార్డర్‌లో పట్టుకొచ్చి, దాని మీద గిటారు వాయించాం. ఒకసారి క్యాసెట్ నుంచి క్యాసెట్‌కు ఎక్కిస్తుంటే కింద నుంచి నువ్వు అక్కను "ఎసరు పెట్టావా?" అని వేసిన కేక కూడా అందులో పడింది. తమ్ముడు చెరపనివ్వలేదు. ఏ పాట వాయించినా సరిగ్గా ఆ చోటికి వచ్చేసరికి నీ ఎసరు!

వీళ్ల పాటల్లో హోరు ఉండదు. ఆలిసన్ గొంతు, పక్క గదిలో ఎవరో బట్టలు మడతపెడుతూ తమలో తాము పాడుకుంటున్నట్టుంటుంది. నువ్వు కూడా చెవులు మూసుకోవు. 1980లో 'కలోసల్ యూత్' అనే ఆల్బమ్ వచ్చింది, 15 పాటలు. పూర్తి ఆల్బమ్ అదొక్కటే, ఆ తర్వాత ఎంతో కాలం కలిసి లేరు. అయినా నిర్వాణ బ్యాండు కర్ట్ కోబెయిన్ తనకు బాగా నచ్చిన ఆల్బముల్లో దాన్నీ రాసుకున్నాడు. ఆ పేరు నీకు తెలియదులే, తమ్ముడి గది గోడ మీద బొమ్మ ఉండేదే, పసుపు జుట్టు అబ్బాయి, అతనే.

మన బ్యాండు నా వల్లే పోయిందని తమ్ముడు ఇంకా అంటున్నాడా? ఉద్యోగం వచ్చింది, వచ్చేశాను. అక్క పెళ్లి అప్పు ఎవరు తీర్చాలి? గిటారు ఇద్దరం కలిసి కొన్నది, వాడికి చెప్పకుండా అమ్మేశాను. అది మాత్రం తప్పే. అప్పుడే ఒప్పుకోవలసింది.

2007లో ఆ అన్నదమ్ములు మళ్లీ ఒకే వేదిక ఎక్కారు, పాడటానికి ఆలిసన్ కూడా వచ్చింది.

అటక మీద ట్రంకు పెట్టెలో మన ఆ క్యాసెట్ ఉందేమో తమ్ముడిని చూడమను. నువ్వు ఎక్కవద్దు. మే నెలలో జాతరకు వస్తున్నాను, టికెట్టు తీసుకున్నాను. తమ్ముడికి నువ్వే చెప్పు. వద్దులే, నేనే ఫోను చేస్తాను.

మాత్రలు భోజనం అయ్యాకే వేసుకో, పరగడుపున కాదు.

నీ పెద్దబ్బాయి