హెచ్‌ఐవీ టెస్టు కిట్ మెడికల్ షాపులో దొరకాలి

సంపాదకుడు గారికి నమస్కారం.

డిసెంబర్ ఒకటో తారీఖు, ఎయిడ్స్ దినం వస్తే మా విశాఖ బీచ్ రోడ్డులో ర్యాలీ జరుగుతుంది, కాలేజీ పిల్లలు ఎర్ర రిబ్బన్లు పెట్టుకుంటారు, మర్నాడు పేపర్లో ఫొటో పడుతుంది. 'పరీక్ష చేయించుకోండి' అని బ్యానర్ ఉంటుంది. ఎవరి కంటా పడకుండా ఎలా చేయించుకోవాలో మాత్రం బ్యానర్ మీద ఉండదు. ఆ సంగతి రాద్దామనే ఈ ఉత్తరం.

నాకు 34 ఏళ్లు. నేను గే. (పత్రికలు 'స్వలింగ సంపర్కులు' అని రాస్తుంటాయి. మాలో మేం ఆ మాట వాడం, వింటే పోలీస్ స్టేషన్ రిజిస్టర్ గుర్తొస్తుంది.) ఏడేళ్ల కిందట మొదటిసారి హెచ్‌ఐవీ టెస్టు ఒక ప్రైవేటు ల్యాబ్‌లో చేయించుకున్నాను. కేజీహెచ్‌లో, అంటే మా పెద్దాసుపత్రిలో, ఐసీటీసీ (సలహా చెప్పి, హెచ్‌ఐవీ పరీక్ష చేసే సర్కారు కేంద్రం) ఉందని, అక్కడ ఉచితంగా చేస్తారని తెలుసు. కానీ ఆ వరండాలో మా పెద్దమ్మ కొడుకో, పక్కింటాయనో ఎదురైతే 'ఇటెందుకొచ్చావ్' అని అడుగుతారన్న జంకు. విశాఖ ఎంత పెరిగినా మనవాళ్లకి తెలియకుండా తిరగ్గలిగేంత పెద్ద ఊరేం కాదు. సాయంత్రం ఆ ల్యాబ్‌కి రిపోర్టు కోసం వెళితే కౌంటర్లో అమ్మాయి కవర్లు తిరగేస్తూ "హెచ్‌ఐవీకి ఇచ్చింది ఎవరండీ?" అని కేకేసింది. కుర్చీల్లో పదిమంది దాకా ఉన్నారు. నేను లేవలేదు. బయటికి పోయి టీ తాగి, అంతా వెళ్లిపోయాక వచ్చి తీసుకున్నాను. నెగెటివే. అయినా తర్వాత నాలుగేళ్లు టెస్టు ఊసెత్తలేదు.

2018 సెప్టెంబర్ 6న సుప్రీంకోర్టు, మాలాంటివాళ్ల కలయికని నేరమన్న ఐపీసీ 377 సెక్షన్, ఇష్టపడి కలిసే పెద్దవాళ్ల విషయంలో చెల్లదంది. సరిగ్గా నాలుగు రోజులకి, 10న, హెచ్‌ఐవీ - ఎయిడ్స్ చట్టం అమల్లోకి వచ్చింది. మనిషి ఒప్పుకోకుండా పరీక్ష చేయకూడదు, అతని వివరాలు బయటపెట్టకూడదు అంటుంది ఆ చట్టం. అంతా బాగానే ఉంది గానీ, చట్టం ల్యాబ్ కౌంటర్ దాకా రావాలిగా!

మూడేళ్ల కిందట అమెరికా నుంచి సెలవుకొచ్చిన ఫ్రెండు హెచ్‌ఐవీ టెస్టు కిట్ ఉన్న చిన్న డబ్బా చేతిలో పెట్టాడు. అక్కడ 2012 నుంచే దీన్ని ఇంట్లో చేసుకోవడానికి అనుమతి ఉంది. సూది లేదు, రక్తం లేదు. ముందు అరగంట ఏమీ తినకుండా, తాగకుండా ఉండి, పుల్లని పై చిగుళ్ల మీద ఒకసారి, కింది చిగుళ్ల మీద ఒకసారి రాసి, గొట్టంలో ఉన్న ద్రవంలో నిలబెట్టాలి. 20 నిమిషాల తర్వాత చూడాలి, 40 దాటితే ఆ ఫలితం చెల్లదు. ఒక గీతైతే నెగెటివ్, రెండైతే రియాక్టివ్, అంటే హెచ్‌ఐవీ ఉండొచ్చని.

మద్దిలపాలెంలో మా గదికి గడియ పెట్టి ఫోన్లో అలారం పెట్టుకున్నాను. అవతల రూమ్మేట్ కుక్కర్లో పప్పు పెట్టాడు. విజిల్ వచ్చినప్పుడల్లా ఉలిక్కిపడ్డాను. చూడకూడదు అనుకుంటూనే ఐదో నిమిషం నుంచీ ఆ పుల్ల వంకే చూస్తూ కూర్చున్నాను. ఒక్క గీతే వచ్చింది. ఖాళీ డబ్బా ఎక్కడ పారేయాలో తెలియక రెండు రోజులు లాప్‌టాప్ బ్యాగులో మోసుకు తిరిగాను, అది వేరే టెన్షన్.

మా వాళ్లందరికీ ఈ కిట్ ఇష్టమే అనుకుంటే పొరపాటు. గాజువాక మిత్రుడు బైసెక్సువల్, పెళ్లయింది, పాప ఉంది. కిట్ మాట ఎత్తగానే "ఏటి గురూ, ఇంట్లో ఎక్కడ దాయమంటావ్? మా ఆవిడ బీరువా సర్దితే?" అన్నాడు. మాలో వయసులో పెద్దాయన ఒకరు కౌన్సిలర్ మేడమ్ ఎదురుగా కూర్చుంటేనే ధైర్యం అంటారు, గీతల్ని నమ్మరు. హాస్టల్లో ఉండే కుర్రాడికి కిట్ కావాలి, కానీ "రెండు గీతలొస్తే ఆ రాత్రి నాతో ఎవరుంటారు?" అని అడిగాడు. దీనికి నా దగ్గర జవాబు లేకపోయింది.

డాక్టర్లు చెప్పే అభ్యంతరం కూడా ఇదే. నిజమైనదే. కానీ దానికోసం కిట్టే వద్దంటే ఎలా? కిట్‌తో పాటు మనిషి గొంతు కూడా అందేలా చూడాలి. 1097 అని ఉచిత హెల్ప్‌లైన్ ఉంది. ఆ నంబరు డబ్బా మీద ఇంత పెద్ద అక్షరాలతో ఉండాలి. రెండు గీతలొచ్చినంత మాత్రాన హెచ్‌ఐవీ ఉన్నట్టు కాదనీ, ఐసీటీసీలో మూడు వేర్వేరు కిట్లతో చూశాకే తేలుస్తారనీ, తేలినా మందులు ఉచితమనీ, అవి మానకుండా వాడి వైరస్ లెక్కకు అందనంత తగ్గితే శృంగారంలో ఇంకొకరికి సోకదనీ బొమ్మలతో తెలుగులో రాసి లోపల పెట్టాలి. నెగెటివ్ వచ్చినవాళ్లకీ ఒక ముక్క చెప్పాలి. పోయిన వారం జరిగింది ఈ వారం టెస్టులో తేలదు, మూడు నెలలాగి మళ్లీ చేసుకోవాలి. "చేసుకుని ఫొటో పంపు, అప్పుడే కలుద్దాం" అనేవాళ్లు మాలో మొదలయ్యారు. ఆ ఫొటోకి ఉన్న విలువ ఏపాటిదో వాళ్లకీ తెలియాలి.

2021 అంచనాల్లో దేశం మొత్తం మీద పెద్దవాళ్లలో హెచ్‌ఐవీ 0.21 శాతం, మన రాష్ట్రంలో 0.67. మగవాళ్లతో కలిసే మగవాళ్లలో, దేశవ్యాప్తంగా చేసే హెచ్‌ఐవీ నిఘా సర్వేలో అది 3 శాతం దాటింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ సొంత పరీక్షను సిఫారసు చేసింది 2016లో. కరోనా అప్పుడు మనం ఇంట్లో కూర్చుని మన ముక్కులో మనమే పుల్ల పెట్టుకున్నాం. షుగర్ మిషన్ లేని ఇల్లు ఈ వీధిలో లేదు. గర్భ పరీక్ష కిట్‌ని మెడికల్ షాపాయన కాగితంలో చుట్టి, మారు మాట్లాడకుండా ఇస్తాడు. ఇదీ అలాగే, అందుబాటు ధరలో, జగదాంబలోనూ గాజువాకలోనూ దొరకాలి. ఐసీటీసీలో అడిగినవాళ్లకి, మా మధ్య తిరిగే పీర్ వర్కర్ల (మాలోనే ఉండి సాయపడే కార్యకర్తల) ద్వారా మిగతావాళ్లకి ఉచితంగా ఇవ్వాలి. ఇంట్లో దాచుకోలేని మా గాజువాక వాడిలాంటివాళ్ల కోసం, ఆ పీర్ వర్కర్ల ఆఫీసులోనే ఒక గదిచ్చి అక్కడే చేసుకోమనొచ్చు.

అతను మొన్న కూడా టెస్టు కోసం విజయనగరం పోయి వచ్చాడు. ఇంట్లో పైడితల్లి అమ్మవారి దర్శనానికని చెప్పాడట. వచ్చేటప్పుడు గుర్తుపెట్టుకుని ప్రసాదం కొన్నాడు.

ఇట్లు,
ఒక పాఠకుడు, విశాఖపట్నం
(పేరు ప్రచురించవద్దని మనవి)