బండి స్టార్ట్ అయిందిరా!

ఒరేయ్ బావా,

నీ రెండు ఉత్తరాలకీ జవాబు రాయలేదు. కోపంగానే ఉండుంటావు, తప్పు నాదే, క్షమించు. అమ్మ మోకాలి నొప్పి తగ్గింది, చెల్లి పరీక్షలు అయిపోయాయి, నా ఉద్యోగం మామూలే. అవన్నీ తర్వాత. బండి స్టార్ట్ అయిందిరా! నిన్న రాత్రి పదకొండున్నరకి!

ఏ బండో చెప్పక్కర్లేదుగా, మన కారు, మన పెద్దమ్మాయే. ఆరు వారాలుగా కదల్లేదు. కూలెంట్, అదే ఇంజిన్‌ని చల్లబరిచే ద్రవం, ఎక్కడికో పోతోంది, వెనక తెల్లపొగ వస్తోంది అని ఫోన్లో చెప్పాను కదా. ఆయిల్ మూత విప్పితే లోపల మీగడలాంటి జిగురు పట్టి ఉంది, ఆయిల్లో నీళ్లు కలిశాయన్నమాట. కంప్రెషన్ (సిలిండర్ లోపలి ఒత్తిడి) కొలిచి చూస్తే ఒకటో, నాలుగో సిలిండర్లు 170 పీఎస్ఐ దగ్గర ఉన్నాయి, రెండూ మూడూ 60 దాటలేదు. పక్కపక్కవి రెండూ అలా పడిపోయాయంటే మధ్యలో హెడ్ గ్యాస్కెట్, అదే ఇంజిన్ పైభాగమైన హెడ్‌కీ కింది బ్లాకుకీ నడుమ ఉండే పలచటి పొర, కాలినట్టే. హెడ్ దించి చూస్తే సరిగ్గా అక్కడే, గోరంత మేర నల్లగా మాడిపోయి ఉంది. ఆ నలుపు చూసి ఎంత సంతోషించానో! కనీసం జబ్బేమిటో తెలిసిందని.

తుప్పు పట్టిన ఎగ్జాస్ట్ బోల్టుల కథ మూడు రోజులు నడిచింది, అది కలిసినప్పుడు చెప్తాను. హెడ్ వంగింది, లేత్ వాళ్ల దగ్గర ఉపరితలం సాపు చేయించాం. బోల్టు ఎంత బలంగా బిగుస్తోందో చూపించే టార్క్ రెంచ్ ఆఫీసులో ఒకతను అడగ్గానే ఇచ్చాడు, వాడే విధానం కాగితం మీద రాసి మరీ. ఇంతకుముందు అతనితో నేను నాలుగు మాటలు కూడా మాట్లాడి ఉండను!

అసలు సంగతి ఎదురింటి బాబాయ్ గారిది. ముప్పై ఏళ్లు లారీ ఇంజిన్లు విప్పి బిగించిన మనిషి. ఇప్పుడు చూపు ఆనదు, వేళ్లతోనే చూస్తారు. కొత్త గ్యాస్కెట్ పరిచి, హెడ్ ఎక్కించబోతుంటే నా మణికట్టు పట్టుకుని ఆపేశారు. "బోల్టు కన్నాలు తుడిచావా అబ్బాయ్?" తుడిచానన్నాను. ఆయన మాట్లాడకుండా గుడ్డపీలికని సన్నగా మెలితిప్పి ఒక కన్నంలోకి దింపారు. అడుగుదాకా దింపి, తిప్పి, మెల్లగా పైకి లాగారు. కొస తడిసి పచ్చగా ఉంది. కూలెంట్! నేను పైపైన తుడిచాను, అడుగున అది అలాగే ఉండిపోయింది. దానిమీద బోల్టు బిగిస్తే ద్రవం పోవడానికి దారి ఉండదు, ఆ ఒత్తిడికి బ్లాకే పగిలిపోవచ్చట. ఒళ్లు జల్లుమందిరా. పది కన్నాలూ మళ్లీ మొదటినుంచీ ఆరబెట్టాం, ఒక్కోదానికీ పొడి గుడ్డ తడవకుండా పైకి వచ్చేదాకా.

బోల్టులు కొత్తవే వేశాం. ఇవి బిగించేటప్పుడు సాగే రకం, పాతవి మళ్లీ వాడకూడదు. నడిమి నుంచి అంచులకి వరసగా, ముందు 30 న్యూటన్ మీటర్లు, తర్వాత 90 డిగ్రీలు, ఆ పైన మళ్లీ 90. 90 డిగ్రీలంటే పావు చుట్టేగా, తెలిసిందా? "ఇంకో పావు"! నీ గొంతే వినిపించింది. చెల్లి పక్కన లైటు పట్టుకుని ఎందుకు నవ్వుతున్నావని అడిగింది. ఆ సైకిలు సంగతి తనకి ఎలా చెప్పను? ఈసారి మాత్రం ఏదీ తెగలేదు, నీమీదొట్టు.

టైమింగ్ బెల్టు వేశాక కీ తిప్పేద్దామనే ఆత్రం నాది. బాబాయ్ గారు ఒప్పుకోలేదు. పానాతో చేత్తోనే క్రాంక్‌ని, అంటే ఇంజిన్ కింది ఇరుసుని, రెండు పూర్తి చుట్లు తిప్పి బెల్టు చక్రాల గుర్తులు కలుస్తున్నాయో లేదో చూడమన్నారు. కింది చక్రం గుర్తు కలిసింది. పైది కూడా కలిసినట్టే ఉంది నాకు. చెల్లి వంగి చూసి, "అన్నయ్యా, ఒక పన్ను పక్కకుంది" అంది. నిజమే. రాత్రి తొమ్మిదింటికి బెల్టు మళ్లీ విప్పాం. నాకు ఏడుపొచ్చినంత పనైంది, వాళ్లిద్దరూ మాత్రం చాలా మామూలుగా...

సరే, స్టార్ట్ చేసిన క్షణం. రెండుసార్లు తిరిగి ఆగింది. మూడోసారి అందుకుంది! వెంటనే వెనకనుంచి తెల్లపొగ. నా గుండె ఆగినంత పనైంది. "సైలెన్సర్‌లో మిగిలిన తడి అది, ఆగు" అన్నారు బాబాయ్ గారు, బానెట్ అంచు మీద అరచెయ్యి ఆనించి, కళ్లు మూసుకుని వింటూ. పొగ పలచబడింది. ఇంకాసేపటికి పూర్తిగా పోయింది. ఉష్ణోగ్రత ముల్లు సగందాకా ఎక్కి అక్కడే నిలబడింది. రేడియేటర్ ఫ్యాన్ దానంతట అదే తిరిగి, కాసేపటికి దానంతట అదే ఆగింది. బావా, ఆ ఫ్యాన్ ఆగిన చప్పుడు కోసం ఆరు వారాలు ఎదురుచూశానురా. బాబాయ్ గారు ఇంకా కళ్లు తెరవలేదు. "నాలుగూ పలుకుతున్నాయి" అని మాత్రం అన్నారు. చెల్లి నా వీపు మీద ఒక్కటి చరిచింది, ఆ గ్రీజు చేతి ముద్ర చొక్కా మీద అలాగే ఉంది, ఉతకనివ్వలేదు.

నువ్వు వచ్చే నెల వస్తానన్నది ఖాయమేనా? మొదటి లాంగ్ డ్రైవ్ నీతోనే, ముందు సీటు నీదే, కిటికీ గొడవ మాత్రం పెట్టుకోకు. అన్నట్టు నువ్వు అడిగిన ఆ కాగితాల విషయం...

బాబాయ్ గారు కేకేస్తున్నారు. ఇంజిన్ పూర్తిగా చల్లారింది, కూలెంట్ ఎంత దిగిందో చూడాలి. వెళ్తున్నా, మిగతాది రేపు రాస్తాను.

నీ
బావ