బ్యాగులొద్దు బావా, కుక్కర్ పట్రా

ఒరేయ్ బావా,

నీ మెసేజ్ చూసి మూడ్రోజులైంది, ఫోన్‌లో రెండు ముక్కల్లో తేలే సంగతి కాదని ఇవాళ ఆదివారం తీరిగ్గా కూర్చుని రాస్తున్నా. సంక్రాంతికి వచ్చినప్పుడు మా బడి పిల్లలకి బ్యాగులు కొనిపెడతానన్నావు కదా, బ్యాగులూ బూట్లూ గవర్నమెంటే ఇస్తోందిరా. నాక్కావాల్సింది వేరే ఉంది, అదేంటో చెప్పాలంటే ముందు మా మధ్యాహ్న భోజనం గోల చెప్పాలి.

మనం మూడో క్లాసులో ఉండగా నెలకి 3 కేజీల బియ్యం ఇచ్చేవాళ్ళు గుర్తుందా? 1995 ఆగస్టు 15న కేంద్రం మొదలెట్టిన స్కీమ్ అది, 80 శాతం హాజరుంటేనే బియ్యం. జొరంతో మూలుగుతున్నా మీ అమ్మ నిన్ను లాక్కొచ్చి కూర్చోబెట్టేది ఎందుకనుకున్నావ్ మరి! ఆ సంచి నెత్తినెట్టుకుని కాలవగట్టు మీద నడుస్తుంటే జీతం తెచ్చుకున్నంత బిల్డప్ మనకి. తీరా చూస్తే మా ఇంట్లో ఎనిమిది మందిమి, ఒక్క రోజుకే సంచి ఖాళీ, నా కంచంలోకి వచ్చింది రెండు పిడికిళ్ళు. 2001 నవంబర్ 28న సుప్రీంకోర్టు బియ్యం పంచడం కాదు, బడిలోనే వండి పెట్టండి అన్నాక మన దగ్గర 2003 జనవరిలో మొదలైంది, అప్పటికి మనం హైస్కూలుకెళ్ళిపోయాం, అదీ మన అదృష్టం.

ఇప్పుడు మా బళ్ళో 26 మంది. లెక్క ప్రకారం ఒక్కొక్కరికి 100 గ్రాముల బియ్యం, 20 గ్రాముల పప్పు, 50 గ్రాముల కూరగాయలు. వారానికి ఐదు గుడ్లు, మూడ్రోజులు చిక్కీ, మూడ్రోజులు రాగిజావ. జావని మొదట్లో బురదనీళ్ళు అని పారబోసేవాళ్ళు, ఇప్పుడు రెండో గ్లాసుకి కొట్టుకుంటున్నారు. పచ్చసొన ఇచ్చి చిక్కీ ముక్క తీసుకునే బేరాలు కూడా నడుస్తాయి, నేను చూడనట్టే ఉంటా.

ఒకరోజు ఓ పిల్లాడి నాయనమ్మ గుప్పెట్లో బియ్యం తెచ్చి, ప్లాస్టిక్ బియ్యం పెడుతున్నారు మాస్టారూ, నీళ్ళలో తేలుతున్నాయి అని యుద్ధానికొచ్చింది. బియ్యప్పిండిలో ఐరన్, ఫోలిక్ యాసిడ్, బి12 కలిపి గింజల్లా చేసి మామూలు బియ్యంలో కలుపుతారు మామ్మా, అవే తేలేవి అంటే నమ్మదే! ఆవిడ ముందే కూర్చుని ఓ పళ్ళెం లాగించాను. ఎలాగూ పిల్లలకి వడ్డించేముందు రోజూ రుచి చూసే డ్యూటీ నాదే అనుకో.

స్కీమ్ పేరు మొన్నటిదాకా గోరుముద్ద, 2024 నుంచి డొక్కా సీతమ్మ మధ్యాహ్న బడి భోజనం. మన పి.గన్నవరంలో గోదావరి మీద కాలవని దాటించే అక్విడెక్ట్‌కి ఉన్న పేరే. అర్ధరాత్రి తలుపు కొట్టినా అన్నం పెట్టిన మహాతల్లి, పేరుకి వంక లేదు. పేర్లు మారాయి గానీ వండే అత్త మాత్రం మారలేదు, జీతం 3000. గుడ్లూ చిక్కీ విడిగా వస్తాయి సరే, పప్పు, నూనె, కూరలు, పొయ్యి ఖర్చు కలిపి ప్రైమరీ పిల్లాడికి రోజుకి కేంద్రం ఖరారు చేసిన రేటు 2025 మే నుంచి రూ. 6.78. మా 26 మందికీ కలిపి 176 రూపాయలు, టమాటా రేటు పెరిగిన వారం నువ్వే లెక్కేసుకో. బిల్లు పడేదాకా కొట్లో అప్పు, ఆ ఖాతా ఆవిడ పేరు మీదే. పోయిన నెల చెవి దుద్దులు కనపడకపోతే అడిగా, మెరుగు పెట్టించడానికిచ్చా బాబూ అంది. నేనేం మాట్లాడతాను చెప్పు.

తమిళనాడులో 2022 సెప్టెంబర్ నుంచి ప్రైమరీ పిల్లలకి పొద్దున టిఫిన్ కూడా పెడుతున్నారు. కూలికెళ్ళే ఇళ్ళల్లో పొద్దున్నే పొయ్యెక్కడ వెలుగుతుందిరా, మా వాళ్ళకి జావ లేని రోజుల్లో పదకొండు నుంచే చూపంతా వంటషెడ్డు వైపే, ఇంక ఎక్కాలేం ఎక్కుతాయ్.

విషయానికొస్తే, ఆ షెడ్డులో పప్పు ఉడకడానికే గంటన్నర పడుతోంది, ఆ పొగకి అత్త దగ్గు చూళ్ళేకపోతున్నాం. పది లీటర్ల కుక్కర్ ఒకటి పట్రా. కంపెనీ ఏదైనా పర్లేదు, గాస్కెట్లు మాత్రం రెండు ఎక్స్‌ట్రా తీసుకో, ఇక్కడ ఆ సైజువి దొరకవు. శనివారానికి దిగేలా చూసుకో, ఆ రోజు స్వీట్ పొంగలి ఉంటుంది.

అమ్మని అడిగానని చెప్పు.

నీ బావ