అకౌంట్ కన్నా ముందు నంబరును కాపాడుకోవాలి

సంపాదకులకు నమస్కారం.

గ్రూప్స్, డీఎస్సీ, కానిస్టేబుల్ నోటిఫికేషన్ పడిందంటే హన్మకొండ హాస్టళ్లలో పిల్లలు మొదట చేసే పని ఫోన్‌లోంచి ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రామ్ తీసేయడం. మంచి పనే. ఫోన్‌కు దూరంగా ఉండమని పత్రికలూ తరచుగా రాస్తున్నాయి. కానీ పరీక్షలు అయ్యాకనో, గల్ఫ్ నుంచి రెండేళ్లకు ఇంటికి చేరాకనో అదే అకౌంట్‌లోకి మళ్లీ ఎట్లా వెళ్లాలో రాసేవాళ్లు తక్కువ. పాస్‌వర్డ్ మర్చిపోయినవాళ్ల పని పది నిమిషాల్లో అవుతుంది. నంబరు పోగొట్టుకున్నవాళ్ల పని వారాలు పడుతుంది, ఒక్కోసారి అసలే కాదు. అందుకే ఈ ఉత్తరం.

ముందు మాటల తేడా తెలియాలి. యాప్ తీసేస్తే అకౌంట్‌కు ఏమీ కాదు. ఎవరైనా ట్యాగ్ చేస్తే ఆ ఫొటో కనిపిస్తూనే ఉంటుంది. ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రామ్‌లలో డీయాక్టివేట్ చేయడమంటే ఇంటికి తాళం వేసి ఊరెళ్లడం లాంటిది, ఎన్నాళ్లకైనా లాగిన్ అయితే తెరుచుకుంటుంది. డిలీట్ నొక్కితే మాత్రం 30 రోజులే గడువు. ఆలోపు లాగిన్ అయి రద్దు చేసుకోవాలి. సమాచారం మొత్తం చెరిగిపోవడానికి 90 రోజుల దాకా పట్టొచ్చని ఫేస్‌బుక్ చెబుతుంది. అది చూసి ఇంకా టైముంది అనుకోవద్దు, ఆ 90 రోజులు వాళ్లు తుడిచే పనికి. ఎక్స్‌లో (పాత ట్విట్టర్) ఇంకో చిక్కుంది. అక్కడ కూడా డీయాక్టివేట్ అనే ఉంటుంది, కానీ 30 రోజులు దాటితే అకౌంటే పోతుంది. నాలుగు నెలలు చదువుకోవాలనుకునేవాళ్లు ఎక్స్‌లో డీయాక్టివేట్ జోలికి పోకుండా లాగవుట్ అయి యాప్ తీసేస్తే చాలు. ఫేస్‌బుక్ డీయాక్టివేట్ చేసినవాళ్లు ఇంకెక్కడైనా ‘ఫేస్‌బుక్‌తో లాగిన్’ నొక్కితే అది మళ్లీ తెరుచుకుంటుందని కూడా గుర్తుంచుకోవాలి.

ఇక నంబరు సంగతి. ప్రీపెయిడ్ సిమ్‌ను 90 రోజులు ఏ విధంగానూ వాడకపోతే, బ్యాలెన్స్ 20 రూపాయల కన్నా తక్కువ ఉంటే, కంపెనీ ఆ నంబరును ఆపేయవచ్చు. 20 రూపాయలు ఉంటే అవి కోసుకుని ఇంకో 30 రోజులు ఉంచాలన్నది టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ నియమం. ఆపేసిన నంబరును కనీసం 90 రోజుల వరకు కొత్తవారికి ఇవ్వరని 2023లో ట్రాయ్ సుప్రీంకోర్టుకు చెప్పింది. అంటే ఆ తర్వాత ఇవ్వొచ్చనే కదా. కొత్తగా ఆ సిమ్ కొన్నతను దొంగ కానక్కర్లేదు. తన నంబరు కొట్టి ‘పాస్‌వర్డ్ మర్చిపోయాను’ నొక్కితే మన ఫొటో, మన పేరు అతని ముందుకు వస్తాయి, ఓటీపీ అతని ఫోన్‌కు పోతుంది.

నంబరు ఇంకా ఎవరికీ పోకపోతే డూప్లికేట్ సిమ్ తీసుకోవచ్చు. సిమ్ ఎవరి పేరు మీద ఉంటే వారే గుర్తింపు కార్డుతో రావాలి. మన దగ్గర పిల్లల సిమ్‌లు చాలావరకు నాన్న పేరు మీదో అన్న పేరు మీదో ఉంటాయి. పొలం పని వదిలి నాన్న ఊరి నుంచి బస్సెక్కి రావాల్సి వచ్చేది అందుకే. ఇంకో మాట: సిమ్ మార్చాక మొదటి 24 గంటలు ఎస్సెమ్మెస్‌లు రావు. మోసాలు ఆపడానికి పెట్టిన నియమం అది. ఓటీపీ రాలేదని ఆ రోజంతా మళ్లీ మళ్లీ నొక్కితే అకౌంట్ వాళ్లు కూడా ఓటీపీలు ఆపేస్తారు. మర్నాటి దాకా ఆగి ఒక్కసారే అడగాలి.

వాట్సాప్ లెక్క వేరు. 120 రోజులు వాట్సాప్‌తో సంబంధం లేకుండా ఉంటే ఆ అకౌంట్‌ను తీసేస్తారు, ఊరి గ్రూపులన్నిటిలోంచీ బయటపడతాం. ఆరు అంకెల పిన్ పెట్టుకుని మర్చిపోతే, దానికి మెయిల్ ఇవ్వకపోయి ఉంటే, ఏడు రోజులు ఆగాల్సిందే. నంబరు మార్చే ఉద్దేశం ఉంటే పాత సిమ్ పనిచేస్తున్నప్పుడే సెట్టింగ్స్‌లో అకౌంట్ కిందున్న ‘చేంజ్ నంబర్’ వాడుకుంటే గ్రూపులు కూడా వెంట వస్తాయి.

గల్ఫ్‌కు పోయే జగిత్యాల, సిరిసిల్ల, నిజామాబాద్ అన్నదమ్ములు దీన్ని మరీ జాగ్రత్తగా చూసుకోవాలి. అక్కడి నంబరు వచ్చిన వెంటనే దాన్ని అకౌంట్‌కు జతచేయాలి. తిరిగి వచ్చేటప్పుడు విమానం ఎక్కకముందే, అక్కడ లాగిన్ అయి ఉన్న ఫోన్‌లోనే, ఇక్కడ వాడబోయే నంబరునో ఇంటివాళ్ల నంబరునో చేర్చాలి. కొత్త దేశం, కొత్త సిమ్, కొత్త ఫోన్ మూడూ ఒకేసారి కనబడితే ఆ కంపెనీల యంత్రాలు అనుమానిస్తాయి.

మెయిల్ విషయంలో జరిగేది ఇంకో రకం. చాలామంది జీమెయిల్‌ను ఫోన్ కొన్నరోజు సెల్లు షాపు అతనే తెరిచి ఇస్తాడు. ఫోన్ మారినప్పుడల్లా కొత్తది. ఫేస్‌బుక్‌కు ఏది ఇచ్చామో తెలియదు. ‘పాస్‌వర్డ్ మర్చిపోయాను’ నొక్కితే నక్షత్రాల మధ్య ఒకటి రెండు అక్షరాలు కనిపిస్తాయి. పాత ఫోన్ సెట్టింగ్స్‌లో గూగుల్ కింద ఉన్న అడ్రసులతో వాటిని పోల్చి చూడండి. రెండేళ్లు వాడని గూగుల్ అకౌంట్లను 2023 డిసెంబర్ నుంచి తీసేయడం మొదలుపెట్టారు కాబట్టి ఆ మెయిల్‌లోకి ఏడాదికి ఒకసారైనా వెళ్లి రావాలి.

తిరిగి లాగిన్ అయ్యేటప్పుడు పాత ఫోన్, ఎప్పుడూ వాడే ఇంటి నెట్ ఉంటే సగం పని అయినట్టే, వాటిని గుర్తుపడతారు. బీరువాలోంచి తీసిన ఫోన్ వెనక మూత లేచి, బ్యాటరీ ఉబ్బి ఉంటే ఛార్జింగ్ పెట్టొద్దు, ముందు బ్యాటరీ మార్పించండి. ఆన్ అయ్యాక తేదీ, టైమ్ చూడండి. నెలల తరబడి ఆగిపోయిన ఫోన్‌లో తేదీ వెనక్కి పోతుంది. అప్పుడు నెట్ బాగానే ఉన్నా యాప్ కనెక్ట్ కాదు, అథెంటికేటర్ కోడ్ (లాగిన్ కోసం ఫోన్‌లోని యాప్ ఇచ్చే అంకెలు) కూడా తప్పని వస్తుంది. తేదీ సరిచేసి, యాప్ అప్‌డేట్ చేశాకే పాస్‌వర్డ్ కొట్టాలి.

గుర్తింపు కార్డు అడిగితే పేరు దగ్గర ఆగిపోతారు. అకౌంట్‌లో ముద్దుపేరుకు ఊరి పేరు తగిలించి ఉంటుంది, ఆధార్‌లో ఇంటిపేరుతో సహా పూర్తి పేరు ఉంటుంది. రెండూ కలవవు. విరామానికి ముందే అకౌంట్‌లో అసలు పేరు, అసలు పుట్టిన తేదీ పెట్టుకోవడమే దీనికి మందు. కార్డు పంపాల్సి వస్తే చివరి నాలుగు అంకెలే కనిపించే మాస్క్‌డ్ ఆధార్ తీసి పంపండి.

లోపలికి వెళ్లగానే పోస్టు పెట్టకండి. ముందు మనవి కాని మెయిల్, నంబరు ఉంటే తీసేయాలి. అవి ఉండగా పాస్‌వర్డ్ మార్చితే, వాటితో అవతలివాడు మళ్లీ మార్చుకుంటాడు. ఆ తర్వాత పాస్‌వర్డ్, ఆ తర్వాత ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రామ్ సెట్టింగ్స్‌లో ఉండే అకౌంట్స్ సెంటర్‌లో ఎక్కడెక్కడ లాగిన్ అయి ఉందో చూసి తెలియని ఫోన్లను తీసేయడం. వరంగల్‌లో ఉన్నా హైదరాబాద్ అని చూపించవచ్చు, అది నెట్‌వర్క్ వల్ల. ఊరి పేరు కాదు, ఫోన్ మోడల్ చూడాలి. చివరగా టూ స్టెప్ (పాస్‌వర్డ్‌తో పాటు కోడ్ కూడా అడిగే ఏర్పాటు) పెట్టుకుని, ఇచ్చిన రికవరీ కోడ్‌లు కాగితం మీద రాసి పదో తరగతి మెమో ఉన్న ఫైల్లో పెట్టండి. ఫోన్ గ్యాలరీలో పెడితే ఫోన్‌తో పాటే పోతాయి.

షాపు పేజీనో బతుకమ్మ కమిటీ పేజీనో ఒక్కరే నడుపుతుంటే, వారు డీయాక్టివేట్ చేయగానే పేజీ కూడా మూతపడుతుంది. వెళ్లేముందు ఇంకొకరిని అడ్మిన్ చేయాలి.

పాత స్నేహితుడి నుంచి ‘అర్జెంటుగా డబ్బులు కావాలి’ అని మెసేజ్ ఉంటే జవాబివ్వకుండా ఫోన్ చేసి కనుక్కోండి. మీరు లేనప్పుడు వాళ్ల అకౌంటే చేయి మారి ఉండొచ్చు. డబ్బు ఇస్తే అకౌంట్ తెరిపిస్తామని టెలిగ్రామ్‌లో పిలిచేవాళ్లకు ఓటీపీ చెప్పొద్దు. డబ్బు పోతే వెంటనే 1930కి ఫోన్ చేయాలి. అకౌంట్‌ను వేరేవాళ్లు వాడుతుంటే సైబర్‌క్రైమ్ డాట్ గవ్ డాట్ ఇన్‌లో ఫిర్యాదు చేయొచ్చు, ఐటీ చట్టం 66సీ కింద అది నేరం. 2021 ఐటీ నియమాల ప్రకారం కంపెనీ గ్రీవెన్స్ (ఫిర్యాదుల) అధికారి ఫిర్యాదు అందినట్టు 24 గంటల్లో తెలపాలి, 7 రోజుల్లో పరిష్కరించాలి (2026 ఫిబ్రవరి సవరణకు ముందు ఇది 15 రోజులు). జవాబు నచ్చకపోతే 30 రోజుల్లోపు కేంద్రం ఏర్పాటు చేసిన గ్రీవెన్స్ అప్పిలేట్ కమిటీకి ఆన్‌లైన్‌లో అప్పీలు చేసుకోవచ్చు. పైసా ఖర్చు లేని ఈ దారి మన జిల్లాల్లో చాలామందికి తెలియదు. కమిటీకి ఎట్లా రాయాలో, ఏ కాగితాలు జతచేయాలో మీ జిల్లా పేజీలో ఒకసారి వివరంగా వేయమని కోరుతున్నాం.

— ఆన్‌లైన్ సేవా కేంద్రం నిర్వాహకులు, హన్మకొండ