కుర్చీ నొక్కి చూసుకునే ఆ ఏడుగురికి

పేర్లు లేకుండా థాంక్స్ చెప్పాల్సి వస్తోంది, ఏమీ అనుకోకండి. బరువు తగ్గించే సర్జరీ అయ్యాక మనసు కుంగినవాళ్ళం కలిసి మాట్లాడుకునే గ్రూపు మాది. ఇక్కడ విన్నది ఈ గది దాటకూడదని మొదటి రోజే ఒప్పుకున్నాం. కింద ఒకరిద్దరి సంగతులు రాశాను, అవి కూడా వాళ్ళను అడిగి, సరే అన్నాకే.

నాకు బరువు తగ్గించే స్లీవ్ సర్జరీ అయి రెండేళ్ళు దాటింది. జీర్ణాశయంలో ముప్పాతిక భాగం దాకా తీసేసి, మిగిలినదాన్ని సన్నటి గొట్టంలా చేస్తారు. 46 కిలోలు తగ్గాను. బీపీ మాత్ర ఆగింది, మోకాళ్ళు చెప్పిన మాట వింటున్నాయి. మొదటి ఏడాదంతా నేల మీద కాళ్ళు ఆనలేదనుకోండి.

పద్నాలుగో నెలలో మొదలైంది. పొద్దున్నే లేవబుద్ధి కాదు. స్నానానికి వెళ్ళాలంటే గంట ఆలోచన. ఫోన్ మోగితే, అది ఆగేదాకా చూస్తూ కూర్చునేదాన్ని. పదిమంది కలిసి తినే చోటికి వెళ్ళడం పూర్తిగా మానేశాను. ఆరు చెంచాలకే నా పని అయిపోతుంది, ఇక మిగతావాళ్ళు లేచేదాకా మాటలన్నీ నా ప్లేటు మీదే. "అదేంటి, అంతేనా?" అని ఒకరు, "మళ్ళీ పెరగకుండా చూసుకో" అని ఇంకొకరు. లావుగా ఉన్నప్పుడు మొహం తిప్పుకున్నవాళ్ళు ఇప్పుడు ఎదురొచ్చి పలకరిస్తుంటే సంతోషపడాలి కదా, నాకు ఒళ్ళు మండేది. అప్పుడున్నదీ నేనేగా! ఇంకో మాట సిగ్గు విడిచి చెప్తున్నాను. ఇదివరకు మనసు బాగోకపోతే తినేదాన్ని. సర్జరీతో ఆ దారి మూసుకుపోయింది. మనసు బాగోకపోవడం మాత్రం అలాగే ఉండిపోయింది.

చెకప్‌లో ఈ సంగతి ఎత్తితే "ఇంత బాగా తగ్గారు, ఇంకా దిగులేంటండీ" అని డాక్టరు గారు నవ్వేశారు. అక్కడే ఉన్న డైటీషియన్ గారు నవ్వలేదు. నేను బయటికి వచ్చేస్తుంటే వెనకే వచ్చి, తొమ్మిది ప్రశ్నలున్న కాగితం చేతిలో పెట్టి, పక్కన కూర్చుని నింపించారు. దిగులు ఎంతుందో కొలిచే ఆ కాగితాన్ని పీహెచ్‌క్యూ-9 అంటారట. 27కి 18 వచ్చాయి. తక్కువ మార్కులు వస్తే బాగుండు అనుకున్న పరీక్ష నా జన్మలో అదొక్కటే. చనిపోతే బాగుండు అనిపించిందా అని తొమ్మిదో ప్రశ్న. అక్కడ నేను పెట్టిన టిక్కు చూసి ఆవిడ నన్ను ఇంటికి పంపలేదు, అదే రోజు సైకియాట్రిస్టు దగ్గర కూర్చోబెట్టారు. మేడమ్, నా మొదటి దండం మీకే.

సైకియాట్రిస్టు గారు ముందు రక్తపరీక్షలు రాశారు. ఈ సర్జరీల తర్వాత బీ12, థయమిన్ అనే విటమిన్లు, ఐరన్ లాంటివి పడిపోవచ్చని, వాటివల్ల కూడా నీరసం, దిగులు రావచ్చని చెప్పారు. నాకు బీ12 బాగా తక్కువుంది. ఇంజెక్షన్లతో నీరసం తగ్గింది. ఒంటరితనానికి ఇంజెక్షన్ లేదు కాబట్టి గ్రూపుకి పంపారు.

వారానికోసారి, గంటన్నర చొప్పున, 12 వారాలు. మొదటి రోజు వెనక్కి వెళ్ళిపోదామనే గుమ్మం దగ్గర నిలబడ్డాను. లోపల చేతుల్లేని కుర్చీలు గుండ్రంగా వేసి ఉన్నాయి. ఎవరో మా గురించి ఆలోచించి వేసిన కుర్చీలవి. అయినా లోపలికి వచ్చిన ప్రతి మనిషీ కూర్చునే ముందు అరచేత్తో సీటును ఒక నొక్కు నొక్కి, కుర్చీ కాళ్ళు కదులుతున్నాయేమో చూసి, అప్పుడు మెల్లగా ఒరిగారు. విరుగుతుందేమోనని ఏళ్ళ తరబడి చేసిన పని. ఇప్పుడు మాలో చాలామందిమి డెబ్భై కిలోలు కూడా లేము! ఆఖరున నేనూ నొక్కాను. ఎదురుగా ఉన్న పెద్దాయన అది చూసి పకపకా నవ్వారు. అందరం నవ్వాం. నేను నవ్వి ఎన్నాళ్ళయిందో.

గ్రూపు నడిపే సైకాలజిస్టు మేడమ్ ఉపన్యాసాలు ఇవ్వలేదు. ఆ టిక్కు గురించి మాత్రం మొదటి వారమే నన్ను పక్కకు పిలిచి సూటిగా అడిగారు. ఎందుకంత పట్టుబట్టారో తర్వాత చెప్పారు. కెనడాలోని ఆంటారియోలో బరువు తగ్గించే సర్జరీలు చేయించుకున్న 8,815 మందిని ముందు మూడేళ్ళు, తర్వాత మూడేళ్ళు గమనిస్తే, తమకు తాము హాని చేసుకుని ఎమర్జెన్సీకి వచ్చిన కేసులు సర్జరీ తర్వాత సుమారు ఒకటిన్నర రెట్లయ్యాయట, అవీ ఎక్కువగా సర్జరీ అయిన రెండో, మూడో సంవత్సరాల్లోనే. అందరూ చప్పట్లు కొట్టి ఎవరి పనుల్లో వాళ్ళు పడిపోయే సమయం సరిగ్గా అదే. మీలో ఎవరికైనా ఆ తొమ్మిదో ప్రశ్న దగ్గర చెయ్యి ఆగుతుంటే, ఈ రోజే ఎవరితోనైనా చెప్పండి. రేపటిదాకా ఆగకండి.

ప్రతివారం హోంవర్కు ఉండేది. ఒక మనిషికి ఫోన్ చేసి పది నిమిషాలు మాట్లాడటం, వచ్చిన ఆలోచనను కాగితం మీద పెట్టి అది నిజమా, భయమా అని చూసుకోవడం, ఇలాంటివే. నాకు బాగా పనికొచ్చింది మాత్రం నాటకం. పెద్దాయన చుట్టంలా నటిస్తూ "అయ్యో, ఏం తినట్లేదేంటమ్మా, చిక్కిపోయావు" అని దీర్ఘాలు తీసేవారు. నేను "నాకు సరిపోయిందండీ, మీ అబ్బాయి సంగతులు చెప్పండి" అనాలి. మొదటి మూడుసార్లూ ఏడ్చాను. ఆరోసారికి ఆయన్నే తికమక పెట్టాను.

ఆ పెద్దాయనే ఐదో వారంలో నోరు విప్పారు. ఆయనది గ్యాస్ట్రిక్ బైపాస్, అంటే గుండెకు కాదు, బరువు తగ్గడానికి జీర్ణాశయానికి చేసేది. "తిండి పోయిన జాగాలో గ్లాసు వచ్చి కూర్చుందమ్మా" అన్నారు. బైపాస్ తర్వాత మందు చాలా త్వరగా ఎక్కుతుందని, కొందరికి అలవాటుగా మారిపోతుందని మేడమ్ వివరించేదాకా అది తన ఒక్కడి బలహీనతే అనుకున్నారట. ఆ రోజు ఇంకెవ్వరం మా కథలు చెప్పలేదు. బాబాయ్, మీరు ఆ మాట అనకపోయి ఉంటే నా టిక్కు సంగతి నేను గ్రూపులో చెప్పేదాన్నే కాదు.

గ్రూపు అందరికీ పడుతుందని నేననను. మొదట తొమ్మిది మందిమి, మూడో వారానికి ఒకరు మానేశారు. ఒకావిడ మాట్లాడటం మొదలుపెడితే ఆపేవారు కాదు, లోలోపల విసుక్కున్నాను కూడా. (అక్కా, ఇది మీకు ముందే చెప్పాను, నవ్వారు!) నాకు రాత్రి ఒంటిగంటకు నిద్రపట్టనప్పుడు మెసేజ్‌కి జవాబిచ్చింది ఆవిడే.

మా ఆయనకు కూడా థాంక్స్. పన్నెండు వారాలూ బయట బండిలో కూర్చున్నారు. లోపల ఏం మాట్లాడారని ఒక్కసారీ అడగలేదు.

పోయిన నెల ఆ కాగితం మళ్ళీ నింపితే 6 వచ్చాయి. దిగులు మాత్ర ఇంకా నడుస్తోంది, అప్పుడప్పుడూ పొద్దున్నలు బరువుగానే ఉంటున్నాయి. వచ్చే గురువారం కొత్త బ్యాచ్ మొదలవుతోందని, మొదటి అరగంట వచ్చి కూర్చోమని మేడమ్ పిలిచారు. వస్తాను మేడమ్. కుర్చీ మాత్రం నొక్కి చూసుకునే కూర్చుంటాను.