37 లక్షల ఓటర్లకు ఒక్క ఎంపీయా?

సంపాదకుడు గారికి,

నియోజకవర్గాల పునర్విభజన (జనాభాను బట్టి సీట్లు, హద్దులు మార్చడం) మాట రాగానే ఉత్తరాదికి ఎన్ని సీట్లు పెరుగుతాయి, దక్షిణాది ఎంత నష్టపోతుంది అన్న దగ్గరే చర్చ ఆగిపోతోంది. ఆ ఆందోళన న్యాయమైనదే. కానీ మన తెలంగాణలోనే ఓటుకూ ఓటుకూ మధ్య ఎంత తేడా ఉందో మాట్లాడేవాళ్లు కనిపించడం లేదు. హైదరాబాద్ శివార్లలోని మల్కాజిగిరి ఓటరుగా ఆ సంగతి రాస్తున్నాను.

2024 ఎన్నికల నాటికి మా లోక్‌సభ స్థానంలో ఓటర్లు 37 లక్షలు దాటారు. దేశంలో ఇంతమంది ఓటర్లున్న నియోజకవర్గం మరొకటి లేదు. ఇదే తెలంగాణలోని మహబూబాబాద్‌లో 15 లక్షల పైచిలుకు. అక్కడి ఒక్క ఓటు ఇక్కడి రెండున్నర ఓట్లతో సమానం అన్నమాట. వాళ్లకు ఎక్కువ దక్కిందని నా బాధ కాదు, ఏజెన్సీ ప్రాంతాలకు ఎంపీ అందుబాటులో ఉండాల్సిందే. మాకెందుకు ఉండకూడదన్నదే ప్రశ్న.

మల్కాజిగిరి హద్దులు గీసింది 2001 జనాభా లెక్కలతో. 2009లో తొలి ఎన్నిక జరిగింది. ఆ లెక్కలు తీసేనాటికి నిజాంపేట, బాచుపల్లి, పోచారం ఊళ్లే. ఇప్పుడు అక్కడ అపార్ట్‌మెంట్లు లేని వీధి వెతుక్కోవాలి. కూకట్‌పల్లిలో మెట్రో ఎక్కితే సికింద్రాబాద్, హైదరాబాద్ నియోజకవర్గాల మీదుగా వెళ్లి ఎల్బీనగర్‌లో దిగేసరికి మళ్లీ మల్కాజిగిరిలోనే ఉంటాం. అటు మేడ్చల్ దాకా ఇదే.

ఎంపీ నిధులు చూడండి. ఎవరికైనా ఏడాదికి 5 కోట్లే. మా దగ్గర ఒక్కో ఓటరుకు 13 రూపాయలు పడుతుంది, మహబూబాబాద్‌లో 32 దాకా. కాలనీకి ఒక కమ్యూనిటీ హాలు అడగాలన్నా ఏడు అసెంబ్లీ సెగ్మెంట్ల వాళ్లు అదే 5 కోట్ల కోసం వరుసలో ఉంటారు.

ఇక్కడి ఓటరు ఏ పార్టీకీ కట్టుబడి లేడు. 2009లో కాంగ్రెస్ తరఫున సర్వే సత్యనారాయణ, 2014లో టీడీపీ తరఫున మల్లారెడ్డి, 2019లో మళ్లీ కాంగ్రెస్ నుంచి రేవంత్ రెడ్డి, 2024లో బీజేపీ నుంచి ఈటల రాజేందర్. ఒక్కరికీ రెండోసారి అవకాశం రాలేదు. రేవంత్ రెడ్డి మెజారిటీ 10,919 అయితే ఐదేళ్లకు ఈటలది 3.91 లక్షలు. 2023 నవంబరులో ఏడు అసెంబ్లీ స్థానాలనూ గెలిచిన బీఆర్‌ఎస్, ఆరు నెలల్లో లోక్‌సభ ఎన్నికలో మూడో స్థానానికి పడిపోయింది. ఇంత ఆలోచించి ఓటేసే జనానికి దక్కిందేమిటి? మల్లారెడ్డి, రేవంత్ రెడ్డి ఇద్దరూ గడువు తీరకముందే ఎమ్మెల్యేలుగా గెలిచి ఎంపీ పదవి వదిలేశారు. ఢిల్లీలో 30 లక్షలకు పైగా ఓటర్ల తరఫున మాట్లాడేవాళ్లు లేకుండా నెలలు గడిచాయి.

పోలింగ్ సగం దగ్గరే ఆగుతోందని మమ్మల్ని తప్పుపడతారు. అది నిజమే, నాకూ బాధగానే ఉంది. అయితే 2024 మే 13న ఇక్కడా ఆంధ్రప్రదేశ్‌లోనూ ఒకేరోజు పోలింగ్ పెట్టారు. ముందురోజు రాత్రి విజయవాడ వైపు బస్సుల్లో నిలబడేందుకూ చోటు లేదు. సొంతూళ్లో ఎమ్మెల్యే ఎవరో, సర్పంచి ఎవరో తెలుసు. ఇక్కడ ఎంపీని ముఖాముఖి చూసినవాళ్లు ఎందరు? మనిషి ఏ ఊళ్లో తన మాట చెల్లుతుందనుకుంటాడో అక్కడికే వెళ్తాడు.

రాబోయే జనగణన తర్వాత రాష్ట్రానికి సీట్లు పెరిగినా పెరగకపోయినా మల్కాజిగిరిని కనీసం రెండు స్థానాలుగా విడదీయాలి. అది జరిగేలోపు ఎంపీ నిధులను ఓటర్ల సంఖ్యను బట్టి ఇవ్వాలి. దీనికి రాజ్యాంగ సవరణ అక్కర్లేదు, కేంద్రం మార్గదర్శకాలు మారిస్తే చాలు. మన 17 మంది ఎంపీలూ పార్టీలు పక్కనపెట్టి ఈ ఒక్క విషయం లోక్‌సభలో అడగాలని కోరుతున్నాను.

ఇట్లు,
ఒక ఓటరు, కాప్రా